విశ్వవిద్యాలయ నగరానికి బస్సు బాట – కనకమామిడి నుండి ఒక పరిశీలన

విద్యను గురించి వ్రాసేటప్పుడు గురువులను, గ్రంథాలయాలను, భవనాలను తలచుకొనడం పరిపాటి. విద్యార్థిని ప్రతి ఉదయం ఆ గురువు ఎదుటికి చేర్చే బస్సును తలచుకొనేవారు అరుదు. హైదరాబాదు విశ్వవిద్యాలయాల నగరం. ఉస్మానియా మొదలుకొని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వరకు అనేక విద్యాపీఠాలు ఈ నగరంలోను, దాని అంచులలోను వెలసినవి. వాటి స్థాపనను గురించి, వాటిలో బోధించిన మహనీయులను గురించి గ్రంథాలు ఉన్నవి. కాని చుట్టుపక్కల పల్లెలలోని సామాన్య కుటుంబపు బిడ్డ ఆ విద్యాపీఠాల గుమ్మం వరకు ఎట్లు చేరగలిగినాడన్న ప్రశ్నకు సమాధానం వెదకవలెనంటే బస్సుల చరిత్రను చూడవలసి ఉంటుంది.

ఈ పరిశీలనకు మేము కనకమామిడి గ్రామాన్ని నిలుచుండే చోటుగా ఎన్నుకొన్నాము. ఇది మొయినాబాదు మండలంలోనిది. హైదరాబాదు నుండి మొయినాబాదు మీదుగా చేవెళ్లకు, అక్కడి నుండి మన్నెగూడ దాటి బీజాపూరు వైపునకు పోయే రహదారి ఈ ప్రాంతం గుండా సాగుతున్నది. మన కళాశాలలో ఉర్దూ మాతృభాషగా గలవారు, తెలుగు మాతృభాషగా గలవారు ఒకే బెంచీపై కూర్చుండి చదువుకొంటున్నారు. వారిలో పలువురికి ఈ బాటతో నిత్యం పని ఉన్నది. కాబట్టి ఈ విషయం దూరపు చరిత్ర కాదు. మన రోజువారీ జీవితానికి సంబంధించినది.

బస్సుకు పూర్వం

నిజాం రాజ్యంలో యంత్ర వాహనాలలో మొదట వచ్చినది రైలు. వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలు మార్గం 1874లో తెరువబడినది. అది తాండూరు, వికారాబాదు, శంకర్‌పల్లి, లింగంపల్లి మీదుగా నగరానికి వస్తున్నది. పటాన్ని ముందుంచుకొని చూచినవారికి ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. రైలు మార్గం ఉత్తరంగా సాగిపోయినది. చేవెళ్ల, కనకమామిడి, మొయినాబాదు దాని దక్షిణాన, రోడ్డు మీద మిగిలిపోయినవి. రైలు పక్క ఊరికి నగరం గంటల దూరంలోనికి వచ్చినది. రోడ్డు పక్క ఊరికి మాత్రం చాలాకాలం ఎడ్లబండి, గుర్రపుబండి, లేనిచో కాలినడకయే గతి అయినది.

నగరంలోపల పరిస్థితి దీనికి కొంత భిన్నం. సంపన్నులకు బగ్గీలు ఉండేవి. మధ్యతరగతివారు ఝట్కాలు, టాంగాలు ఆశ్రయించేవారు. తరువాత సైకిలు రిక్షా వచ్చినది. సైకిలు కొనగలిగిన విద్యార్థి అదృష్టవంతుడు. ఈ వాహనాలన్నింటికీ ఒక లక్షణం సమానం: అవి ఒక్కరిని లేక ఒక కుటుంబాన్ని మోసేవి. పరిచయం లేని యాభైమందిని, ఒకే ధరకు, ఒకే వేళకు మోసే వాహనం నాటికి లేదు. పల్లె విద్యార్థికి కావలసినది సరిగ్గా అటువంటి వాహనమే.

1932: రైలు శాఖ నడిపిన బస్సు

నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను కంపెనీ నుండి కొనివేసి తన స్వంతం చేసికొన్నది. ఆ రోజులలో భారతదేశమంతటా ఒక చర్చ నడుస్తున్నది. మోటారు బస్సులు రైలు ప్రయాణికులను లాగుకొంటున్నవి. దీనికి ఏమి చేయవలెను? బ్రిటిషు ఇండియాలో ఈ ప్రశ్నపై మిచెల్, కిర్క్‌నెస్ అను అధికారులు విచారణ జరిపి 1933లో నివేదిక సమర్పించారు. హైదరాబాదు రాజ్యం అంతకు ముందే తన మార్గం ఎన్నుకొన్నది. బస్సును రైలుకు శత్రువుగా చూడక, రైలు శాఖయే బస్సులను కూడ నడిపినచో పోటీ అనే మాట ఉండదని భావించినది.

ఆ ఆలోచన ఫలితమే నిజాం స్టేట్ రైల్వేలోని రోడ్డు రవాణా విభాగం. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఇది ప్రారంభమైనది. బస్సులు స్కాట్లండులో తయారైన ఆల్బియన్ వాహనాలు. ఆ తొలి కాలపు బస్సు ఒకటి ‘దక్కన్ క్వీన్’ అను పేరుతో నేటికీ బస్ భవన్ వద్ద భద్రంగా ఉన్నది. ప్రైవేటు యజమానులే బస్సులు నడిపే కాలంలో ఒక ప్రభుత్వం తానే ఆ బాధ్యత తీసికొనడం భారత ఉపఖండంలో జరిగిన తొలి ప్రయత్నాలలో ఒకటి.

ఆర్టీసీ బస్సు నంబరు పలకపై కనబడే ‘జెడ్’ అక్షరాన్ని గురించి పెద్దలు ఒక కథ చెప్పుకొంటారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన తల్లి జహరా బేగం పేరు జ్ఞాపకార్థం బస్సుల నంబర్లలో ఆ అక్షరం ఉంచవలెనని కోరినాడట. రాజ్యాలు మారినవి, రాష్ట్రాలు మారినవి, నంబరులోని ముందు అక్షరాలు మారినవి. ‘జెడ్’ మాత్రం వెంట వస్తూనే ఉన్నది.

గౌలిగూడ బస్సు స్టేషను కథ కూడ ఇక్కడే చెప్పుకొనవలెను. అది మొదట బస్సుల కొరకు కట్టినది కాదు. అమెరికాకు చెందిన బట్లర్ కంపెనీ తయారుచేసిన ఉక్కు విమానశాల అది. 1930 ప్రాంతంలో నిలిపినది. బోర్లించిన పెద్ద గుమ్మటంవలె ఉండే ఆ కట్టడం 1932 నుండి బస్సులకు నీడయినది. 1994లో మూసీ ఒడ్డున ఇమ్లీబన్‌లో మహాత్మాగాంధీ బస్సు స్టేషను వచ్చేవరకు జిల్లాల బస్సులకు అదియే కూడలి. జిల్లాల నుండి పెట్టె, పరుపుచుట్టతో నగరానికి చదువుకొనుటకు వచ్చిన తరతరాల విద్యార్థులు నగరంలో మొదట అడుగుపెట్టిన చోటు అది. 2018 జులై 5న ఆ పాత కప్పు కూలిపోయినది. ముందుగానే ఖాళీ చేయించినందున ప్రాణనష్టం జరుగలేదు. ఒక చరిత్ర చిహ్నం మాత్రం కనుమరుగైనది.

ఉస్మానియా – అడిక్‌మెట్ దారి

ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా 1917లో వెలువడినది. 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె భవనాలలో తరగతులు మొదలైనవి. భారతీయ భాష అయిన ఉర్దూలో ఉన్నత విద్యను, విజ్ఞాన శాస్త్రాలను సైతం బోధించిన విశ్వవిద్యాలయంగా అది దేశం దృష్టిని ఆకర్షించినది. గన్‌ఫౌండ్రీ నగరం నడిబొడ్డు. అక్కడికి ఏ బస్తీ నుండి అయినా నడిచి రావచ్చును. తరువాత విశాలమైన శాశ్వత స్థలం అడిక్‌మెట్ వద్ద లభించినది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైనది. గులాబీవర్ణపు రాతితో నిర్మించిన ఆ భవనాన్ని అందరూ మెచ్చుకొన్నారు. కాని విశ్వవిద్యాలయం నడక దూరం నుండి వాహన దూరానికి జరిగినది. ఆనాటి నుండి హైదరాబాదులో విశ్వవిద్యాలయపు ప్రశ్న, రవాణా ప్రశ్న విడదీయరానివి అయినవి.

దీని గుర్తులు నేటికీ స్థలనామాలలో ఉన్నవి. కాచిగూడ, సికింద్రాబాదుల నడుమ రైలు మార్గంలో జామియా ఉస్మానియా అని ఒక స్టేషను, ఆర్ట్స్ కళాశాల అని ఒక స్టేషను, విద్యానగర్ అని ఒక స్టేషను కలవు. విద్యాలయమే ఊరి పేరైన చోటు ఇది. అట్లే రవాణా సంస్థయే కూడలి పేరైన చోటు ఆర్టీసీ క్రాస్ రోడ్స్. కోఠిలోని పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనంలోనికి 1949లో మహిళా కళాశాల వచ్చినది. నాటి నుండి ‘ఉమెన్స్ కాలేజ్’ అన్నది నగరమంతటికీ తెలిసిన బస్సు స్టాపు పేరైనది. చదువురాని ముసలమ్మ కూడ “ఉమెన్స్ కాలేజీ కాడ దింపు” అని కండక్టరుతో చెప్పగలిగినది. ఆడపిల్లల ఉన్నత విద్య అట్లు సామాన్యుల నోటి మాటలోనికి ప్రవేశించినది.

సంస్థ చేతులు మారిన క్రమం

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో చేరినది. నిజాం రైల్వే భారత రైల్వేలలో కలిసినది. బస్సుల విభాగం రైలు నుండి విడిపోయి 1951 నవంబరు 1 నుండి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయినది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత, 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రకారం 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. తెలంగాణలో మొదలైన ప్రభుత్వ బస్సు దశలవారీగా ఆంధ్ర జిల్లాలకు విస్తరించినది. కాలక్రమాన ఆ సంస్థ ప్రపంచంలో అత్యధిక బస్సులు గలదిగా గిన్నిస్ గ్రంథంలోనికి ఎక్కినది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత సంస్థ కూడ రెండయినది. మన భాగం నేడు టీజీఎస్‌ఆర్టీసీ అనే పేరుతో నడుస్తున్నది.

ఈ చరిత్రలో విద్యార్థుల పాత్ర కేవలం ప్రయాణికుల పాత్ర కాదు. 1969 ఉద్యమంలోను, 2009 తరువాతి ఉద్యమంలోను ఉస్మానియా విద్యార్థులు ముందు నిలిచారు. 2011లో 42 దినాలు సాగిన సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు కూడ పాల్గొన్నారు. ఉద్యమ దినాలలో మొదట ఆగిపోయేది బస్సు. కొన్ని సమయాలలో మొదటి రాయి తగిలేది కూడ దాని అద్దానికే. ఆ బస్సు మరునాడు ఉదయం మన చెల్లెలినే కళాశాలకు తీసికొనిపోవలసినదని రాయి విసిరే చేయి జ్ఞాపకం ఉంచుకొనలేదు. ఈ మాట మేము ఎవరినీ నిందించుటకు వ్రాయడం లేదు. చరిత్రలో ఇదియు ఒక పాఠమని వ్రాస్తున్నాము.

విద్యాలయాలు నగరపు అంచులకు

1960ల నుండి కొత్త విద్యాపీఠాలు నగరం వెలుపలి భూములను వెదకుకొన్నవి. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఏర్పడినది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడి, తరువాత కూకట్‌పల్లికి చేరినది. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపితమై, ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో మొదలై, గచ్చిబౌలి బండరాళ్ల నడుమకు తరలినది. 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడ గచ్చిబౌలిలోనే నెలకొన్నది. మొయినాబాదు, చిలుకూరు ప్రాంతాలలో ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి.

ప్రతి సందర్భంలోను జరిగినది ఒకటే. భవనం మొదట వచ్చినది. బస్సు తరువాత వచ్చినది. ఆ రెంటి నడుమ కాలంలో చేరిన విద్యార్థులు కష్టపడినారు. బస్సు వచ్చిన తరువాత ఆ అడవి వంటి చోటు నగరంలో భాగమైనది. నేడు కోఠి నుండి కొండాపూరుకు పోయే 127 కె, సికింద్రాబాదు, మెహదీపట్నంల నడుమ తిరిగే 49 ఎం, ఉప్పల్ నుండి మెహదీపట్నానికి వచ్చే 113 ఎం వంటి నంబర్లు నగరవాసులకు కంఠతా వచ్చును.

ఈ నంబర్లను గురించి ఒక మాట. నగర బస్సులపై ఊళ్ల పేర్లు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు లిపులలో కనబడుతుండేవి. ఒకరికి వచ్చిన లిపి మరొకరికి రాదు. కొందరికి ఏ లిపియు రాదు. అంకె మాత్రం అందరికీ తెలియును. కండక్టరు “ముందుకు జరగండి” అని తెలుగున పిలిచి, వెంటనే “ఆగే బఢో” అని ఉర్దూలో హెచ్చరించేవాడు. “హోల్డాన్”, “రైట్ రైట్” అన్న కేకలు ఏ భాషవో ఎవరూ విచారించలేదు. రెండు భాషలవారు నిత్యం భుజం భుజం తగిలించుకొని నిలుచుండే చోటు బస్సువంటిది నగరంలో మరొకటి లేదని మా అభిప్రాయం. రెండంతస్తుల బస్సు పైభాగంలో ముందు సీటు కొరకు పోటీపడిన విద్యార్థులు నేడు పెద్దవారైనారు. ఆ బస్సులు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో నిలిచిపోయినవి. 2023లో విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులు కొన్ని నగరంలో మరల కనిపించినవి. కాని అవి విద్యార్థుల నిత్య ప్రయాణానికి ఉద్దేశించినవి కావు.

మన బాట

ఇప్పుడు కనకమామిడికి వచ్చెదము. మెహదీపట్నంలో బస్సు ఎక్కినవారు లంగర్‌హౌస్, బండ్లగూడ దాటి, అప్పా కూడలి మీదుగా అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్, మొయినాబాదు ఊళ్లను దాటి కనకమామిడికి వస్తారు. అప్పా అన్నది ఊరు కాదు; ఉమ్మడి రాష్ట్రపు పోలీసు అకాడమీ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిసి అయిన మాట. అకాడమీ పేరు మారినను బస్సులోని జనం నోట పాత పేరే నిలిచినది. ఈ దారికి ఒక వైపున 1920లో పూర్తి అయిన ఉస్మాన్‌సాగర్, మరొక వైపున 1927లో పూర్తి అయిన హిమాయత్‌సాగర్ ఉన్నవి. నగరానికి తాగునీరు ఇచ్చిన రెండు చెరువుల నడుమ దారి మనది.

ఈ దారికి మరొక సంపద మర్రిచెట్లు. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు రోడ్డుకు ఇరువైపుల వందలాది పాత మర్రులు ఉన్నవి. బస్సు స్టాపులో రేకుల నీడ లేని రోజులలో వాటి కొమ్మల కిందనే జనం నిలుచుండేవారు. రోడ్డును వెడల్పు చేయవలెనన్న కోరిక, ఆ చెట్లను కాపాడవలెనన్న కోరిక రెండును న్యాయమైనవే. వాటి నడుమ చాలా సంవత్సరాలు వివాదం సాగినది.

రోడ్డు ఇరుకైనది, వాహనాలు పెరిగినవి. 2025 నవంబరు 3వ తేదీ సోమవారం ఉదయం ఈ బాటపైననే, చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ వద్ద, తాండూరు నుండి నగరానికి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర నింపిన టిప్పరు ఢీకొన్నది. పందొమ్మిదిమంది మరణించారు. ఆదివారం ఇండ్ల వద్ద గడిపి తిరిగి నగరానికి బయలుదేరిన విద్యార్థినులు కూడ వారిలో ఉన్నారు. ఆ మాట విన్ననాడు మన తరగతులలో ఎవరూ ఎవరితోను మాట్లాడలేదు. ఆ బస్సు వంటి బస్సులోనే మనమును వస్తాము. ఆ సోమవారం వంటి సోమవారాలు మనకును ఉన్నవి. చదువు కొరకు బయలుదేరినవారు క్షేమంగా చేరడం విద్యా సమస్యలలో మొదటిదని చెప్పుటకు ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

బస్సు లెక్క

ఒక ఊరికి ఎన్ని బస్సులు, ఏ వేళకు రావలెనన్నది ఎట్లు నిర్ణయమవుతున్నది? విద్యార్థులు తెలిసికొనదగిన విషయం ఇది. రవాణా సంస్థవారు రెండు లెక్కలు చూస్తారు. ఒకటి, బస్సులోని సీట్లలో ఎంత భాగం నిండినదన్న లెక్క. దీనిని ఆక్యుపెన్సీ రేషియో అంటారు. రెండవది, ఒక్కొక్క కిలోమీటరుకు వచ్చిన రాబడి. దీనిని ఈపీకే అంటారు. ఈ రెండును తక్కువైనచో ఆ సర్వీసుపై ప్రశ్న పుట్టును.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చేసి చూడండి. ఒక బస్సులో 50 సీట్లు ఉన్నవి. ఉదయం నగరానికి పోయేటప్పుడు 75 మంది ఎక్కినారు. 25 మంది నిలుచున్నారు. తిరుగు ప్రయాణంలో 10 మంది మాత్రమే ఉన్నారు. రెండు ప్రయాణాలకు సీట్లు 100, ప్రయాణికులు 85. కాగితం మీద ఆ బస్సులో ఇంకా పదిహేను సీట్లు మిగిలినట్లే. కాని ఉదయం మెట్టుపై వ్రేలాడిన విద్యార్థికి ఆ పదిహేను సీట్లు కనబడలేదు. కళాశాల బాటలలోని చిక్కు ఇదియే: రద్దీ ఒక్క దిక్కునకు, ఒక్క గంటకు పరిమితం. దీనికి తోడు విద్యార్థి పాసు ధర టికెట్టు ధరలో కొంత భాగమే. బస్సు నిండుగా ఉండును, రాబడి మాత్రం నిండుగా ఉండదు. అందుచేత కేవలం రాబడిని బట్టి విద్యార్థుల బస్సును కొలువరాదని మా వాదన. ఆ బస్సు తెచ్చే లాభం సంచిలో ఆ సాయంకాలం పడేది కాదు. అది పది సంవత్సరాల తరువాత ఊరిలో ఉపాధ్యాయురాలిగా, నర్సుగా, ఇంజనీరుగా కనబడుతుంది.

పల్లెలలో పూర్వం నుండి నైట్ హాల్ట్ బస్సు అన్న పద్ధతి ఉన్నది. రాత్రి చివరి ప్రయాణంగా ఊరికి వచ్చిన బస్సు అక్కడనే నిలిచిపోవును. డ్రైవరు, కండక్టరు పంచాయతీ కార్యాలయంలోనో, బస్సులోనో నిద్రించి, తెల్లవారుజామున అదే బస్సును నగరానికి తీసికొనిపోదురు. దీనివలన డిపో నుండి ఊరి వరకు ఖాళీగా తిరుగవలసిన దూరం తగ్గుతుంది. అంతకంటె ముఖ్యంగా, సాయంకాలం ఆలస్యమైన విద్యార్థికి ఇంటికి చేరే భరోసా, ఉదయం మొదటి గంటకు కళాశాల చేరే భరోసా రెండును ఒక్క బస్సుతోనే లభిస్తవి.

ధర తొలగినది, వేళ మిగిలినది

2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ కార్మికుల సమ్మె యాభై దినాలకు పైగా సాగినది. ఆ తరువాత నగరంలో తిరిగే బస్సుల సంఖ్య బాగా తగ్గినది. 2020లో కరోనా వ్యాధి వలన నెలల తరబడి నగర బస్సులు నిలిచిపోయినవి. మెట్రో రైలు 2017 నవంబరులో వచ్చినది కాని ఈ బాటకు రాలేదు. కనకమామిడివారికి బస్సే ఆధారం.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం ప్రారంభమైనది. రాష్ట్రంలో బాలికలకు, స్త్రీలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరపు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు ధర లేకుండ ప్రయాణించే వీలు కలిగినది. ఇది చిన్న మార్పు కాదు. పూర్వం ఇంటిలో అన్న, చెల్లెలు ఇద్దరూ చదువుతున్నచో బస్సు ఖర్చు ఒక్కరికే చాలినప్పుడు ఆగిపోయేది చెల్లెలి చదువే. నేడు ఆ కారణం చెప్పుటకు వీలులేదు.

అయినను ఒక అడ్డు మిగిలియున్నది. మేము ఎరిగిన ఒక విద్యార్థిని ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు పొందినది. రసాయన శాస్త్రం ఆమెకు ఇష్టం. కాని ప్రయోగశాల తరగతులు సాయంకాలం వరకు సాగునని విని, తండ్రి ఒక్క ప్రశ్న అడిగినాడు: “ఇంటికి ఎన్ని గంటలకు వస్తావు బిడ్డా?” ఆ ప్రశ్నకు ఆమె వద్ద గట్టి జవాబు లేదు. ప్రయోగాలు లేని కోర్సులో చేరినది. తండ్రి చెడ్డవాడు కాడు. చీకటి పడిన తరువాత రోడ్డు మీద నిలిచి ఎదురుచూచిన వాడు. ఆమెకు ఆటంకమైనది బీదరికం కాదు, తెలివి తక్కువతనం కాదు, మతాచారం కాదు. ఒక బస్సు వేళ. ఇటువంటివారు ఎందరో లెక్క ఎవరూ వ్రాయలేదు; ఎందుకనగా చేరని కోర్సుకు హాజరుపట్టీ ఉండదు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇంతే. 1932 నుండి నేటివరకు బస్సు చరిత్ర మూడు ప్రశ్నలకు క్రమంగా జవాబు చెప్పుకొంటూ వచ్చినది. బస్సు ఉన్నదా? ఉన్నది. ధర భరించగలమా? ఆడపిల్లలకు ధరయే లేదు. మగపిల్లలకు పాసు ఉన్నది. కావలసిన వేళకు, నిలుచుండ వీలున్న చోటుతో, క్షేమంగా వచ్చునా? ఈ మూడవ ప్రశ్న మన తరం వంతు.

చేయదగిన పనులు

ప్రభుత్వమే అన్నీ చేయవలెనని కూర్చుండుట విద్యావంతులకు తగదు. మన చేతిలోని పనులు కొన్ని ఉన్నవి.

మొదటిది, లెక్క. మన విద్యార్థులు పదిమంది ఒక వారం పాటు కనకమామిడి, మొయినాబాదు, చేవెళ్ల స్టాపులలో నిలిచి, ఏ బస్సు ఎన్ని గంటలకు వచ్చినది, ఎందరు ఎక్కినారు, ఎందరు చోటు లేక మిగిలినారు అన్నది వ్రాసికొనవచ్చును. రవాణా సంస్థ లెక్కల భాష మాట్లాడుతుంది. మనమును లెక్కలతో పోయినచో మన మాట వినబడును. గణాంక శాస్త్రపు విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం కూడ.

రెండవది, వేళల సర్దుబాటు. కళాశాల కార్యవర్గ పెద్దలకు మా సవినయ మనవి: తరగతుల పట్టికను తయారుచేసేటప్పుడు బస్సుల పట్టికను పక్కన ఉంచుకొనండి. దూరం నుండి వచ్చే విద్యార్థినుల ప్రయోగ తరగతులను మధ్యాహ్నపు తొలి గంటలకు మార్చినచో ఒక్క రూపాయి వ్యయం లేకుండ కొన్ని చదువులు నిలుచును.

మూడవది, వినతి. చుట్టుపక్కల కళాశాలలన్నియు కలిసి, సాయంకాలం ఒక నైట్ హాల్ట్ సర్వీసు కొరకు, ఉదయం రద్దీ వేళ చేవెళ్ల నుండియే బయలుదేరే ఒక బస్సు కొరకు డిపో అధికారికి వ్రాతపూర్వకంగా విన్నవించవచ్చును. దూరం నుండి వచ్చే బస్సు నిండి వచ్చును. చేవెళ్లలో పుట్టిన బస్సులో మాత్రమే కనకమామిడివారికి చోటు దొరుకును.

నాలుగవది, మన నడవడి. మెట్టుపై వ్రేలాడుట సాహసం కాదు. స్త్రీలకు కేటాయించిన సీటును అడుగకముందే విడుచుట, వృద్ధులకు చోటిచ్చుట, కండక్టరును గౌరవంగా పలుకరించుట మన కళాశాల పేరును నిలుపును. బస్సులోని ప్రయాణికులకు మన కళాశాల భవనం కనబడదు. మన ప్రవర్తనయే కనబడును.

కనకమామిడి వద్ద మర్రినీడన నిలిచి బస్సు కొరకు ఎదురుచూచే విద్యార్థికి ఎనుబది సంవత్సరాల క్రితపు అడిక్‌మెట్ విద్యార్థి దూరపు బంధువు. ఇద్దరి చేతిలోను పుస్తకాలు. ఇద్దరి చూపు రోడ్డు మలుపు మీదనే. ఆనాటివాడు బస్సు వచ్చునా అని చూచినాడు. నేటి అమ్మాయి ఎక్కుటకు చోటుండునా, చీకటి పడకముందు తిరిగి రాగలనా అని చూస్తున్నది. ఆమెకు జవాబు చెప్పే బాధ్యత కార్యవర్గానికి, అధికారులకు, ఆమెతోపాటు చదివే మనకందరికీ సమానంగా ఉన్నదని మేము నమ్ముతున్నాము.